దోన్యా వేవా పుస్తకంలో లేని మాట

దోన్యా వేవాకి ఇరవై దేశాల స్పానిష్ వచ్చు. ఈ సంగతి ఎవరో చెప్పింది కాదు, ఆవిడే చెప్పుకుంటుంది. అడిగితే చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది.

"స్పానిష్ అందరూ మాట్లాడతారమ్మా. ఒకళ్ళ స్పానిష్ ఇంకొకళ్ళకి అర్థం కావాలంటే మాత్రం మధ్యలో నాలాంటిది ఒకత్తి ఉండాలి" అంటూ సుద్దముక్క తీసి ఎవరి పంట్లాం అంచు మీదో గీత గీస్తుంది. పంట్లాం తాలూకు మనిషి అవునంటాడు. గుండుసూదులు ఆవిడ చేతిలో ఉండగా కాదనేంత ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు.

న్యూయార్క్ మహానగరంలో క్వీన్స్ అనే భాగం ఉంది, అందులో కరోనా అనే పేట ఉంది. జబ్బు పేరు కాదు, ఆ జబ్బు పుట్టకముందు నుంచీ ఉన్న పేటే. సెల్‌ఫోన్లు ఇంకా అందరి జేబుల్లోకీ రాని రోజులవి. నూట మూడో వీధి స్టేషను మెట్ల పక్కన మూడో కొట్టు దోన్యా వేవాది. చిరిగినవి అతకడం, పొడుగైనవి కత్తిరించడం, లావైనవాళ్ళకి వదులు చెయ్యడం, పెళ్ళి గౌన్లు కుట్టడం అక్కడి పని. కొట్టు నెత్తిమీద నుంచే ఏడో నంబరు రైలు పోతుంది. రైలొచ్చినప్పుడు ఎవరి మాట ఎవరికీ వినబడదు. కొత్తగా వచ్చినవాళ్ళు గొంతు చించుకుని అరుస్తారు. పాతవాళ్ళు నోటిలో మాట నోటిలోనే ఆపి, రైలు పోయాక అదే అక్షరం దగ్గర మళ్ళీ ఎత్తుకుంటారు. మొగుడూ పెళ్ళాల తగాదాలు సగం ఆ అర నిమిషంలోనే చల్లారతాయని మా పేటలో ఒక నమ్మకం.

ఆవిడ అసలు పేరు హెనోవేవా పౌలీనో. దోన్యా అన్నది మర్యాదకి, మగవాళ్ళకైతే దోన్. మా డొమినికన్ రిపబ్లిక్‌లో మోకా అనే ఊరు. ఇరవై ఆరో ఏట అక్క వెనకాల ఇక్కడికొచ్చి, తొమ్మిదేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. చొక్కా ఎలా ఉంటుందో చూడలేదు, చేతులు ఎవరు కుట్టారో తెలియదు, కాలర్లే. తర్వాత సొంత కొట్టు పెట్టుకుంది. మధ్యలో పెళ్ళయింది. అతను అకార్డియన్ వాయించేవాడు, పేరు లిసాండ్రో. ఒక శనివారం ప్యూర్టో రీకోలో కచేరీ ఉందంటూ పెట్టె భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి, "అవోరీతా వస్తా" అని వెళ్ళాడు.

అవోరీతా అంటే మా డొమినికన్లకి 'తర్వాత' అని. ఎంత తర్వాత అన్నది చెప్పేవాడి పెద్దమనిషితనాన్ని బట్టి ఉంటుంది. లిసాండ్రోది ఏడేళ్ళ తర్వాత పోస్టులో వచ్చింది. అక్కడే ఇంకో సంసారం పెట్టాడట, అక్కడే పోయాడట. అలా దోన్యా వేవా ఒక కార్డుముక్క చదువుకుని విధవరాలైంది. ఆ సాయంత్రమే కొట్టు తెరిచి పని చేసుకుంది. ఇక తన పగలూ రాత్రీ ఏ మగాడి మాట కోసమూ కాచుకుని ఉండవని అందరితోనూ అంది. అన్న మాట మీదే ఉంది కూడా.

ఇక స్పానిష్ సంగతి. కొట్టు పెట్టిన మూడో ఏట, ఈక్వడార్ నుంచి కొత్తగా వచ్చిన సోయిలా అనే ఆమె గుమ్మంలోకొచ్చి, "నా గువాగువాకి బాప్తిస్మానికి బట్టలు కుట్టాలండీ" అంది. మా భాషలో గువాగువా అంటే బస్సు. దోన్యా వేవా ఒక్క క్షణం తటపటాయించింది. అయినా, కొత్త బస్సు కొంటే ఫాదర్ వచ్చి మంత్రజలం చల్లడం మా ఊళ్ళల్లో ఉన్నదే. బట్టలంటే కిటికీ తెరలు కాబోలనుకుంది.

"ఎంతమంది కూర్చుంటారమ్మా?"

"కూర్చోవడమా? ఇంకా రాలేదండీ. కూర్చోబెడితే పక్కకి వాలిపోతోంది."

"అయ్యో! మరి నడుస్తుందా?"

"ఎక్కడ నడుస్తుందండీ, ఇంకా పాకడమే."

"అలాంటిదాన్ని ఎందుకు కొన్నావు తల్లీ?" అంది దోన్యా వేవా జాలిగా. "ముందు మంచి మెకానిక్కుకి చూపించు. తెరల సంగతి తర్వాత."

సోయిలా ఏడుస్తూ వీధిలోకి పరిగెత్తింది. ఈక్వడార్‌లో గువాగువా అంటే చంటిపిల్ల. ఆ చంటిపిల్లకి దోన్యా వేవా తర్వాత మూడు వరసల లేసు పెట్టి, డబ్బులు పుచ్చుకోకుండా తెల్ల గౌను కుట్టి ఇచ్చింది. నార్సిసా అని పేరు పెట్టిన ఆ పిల్లని మా వీధి వీధంతా ఈ రోజుకీ "బస్సు" అనే పిలుస్తుంది.

ఆ మర్నాడే దోన్యా వేవా పొడుగాటి నోటుపుస్తకం ఒకటి కొంది. ఏ దేశంవాళ్ళు దేన్ని ఏమంటారో రాయడం మొదలుపెట్టింది. సాకో అంటే కొలంబియా అతనికి స్వెట్టరు, మెక్సికో అతనికి సూటుకోటు, మిగతావాళ్ళకి గోనెసంచీ అయినా కావచ్చు. అన్నీ అందులో ఉన్నాయి. పుస్తకం నిండే కొద్దీ ఆవిడకి ఇంకో అలవాటు పట్టుకుంది. తప్పు దిద్దడం. బడ్డీకొట్టు బోర్డులో అక్షరం దిద్దింది. మంగలిషాపువాడి నోట్లో మాట దిద్దింది. ఆఖరికి, స్పానిష్ పుట్టిన స్పెయిన్ దేశం నుంచే వచ్చిన మా ఫాదర్నీ వదల్లేదు. ఆయన ప్రసంగంలో "బస్సు పట్టుకోండి, దేవుణ్ణీ పట్టుకోండి" అని ఏదో చమత్కారం చేశాడు. పూజ అయ్యాక దోన్యా వేవా ఆయన్ని పక్కకి పిలిచి, ఆ 'పట్టుకోవడం' అనే మాటకి మెక్సికోవాళ్ళ దగ్గర ఏం బూతు అర్థం ఉందో చెవిలో చెప్పింది. ఫాదర్ మెడ నుంచి పైకి ఎర్రబడ్డాడు. మళ్ళీ ఎప్పుడూ ఆయన బస్సు ఊసెత్తలేదు.

ఇలాంటి మనిషికి గోడ పక్క పొరుగు ఎవరయ్యా అంటే, దోన్ ఫిదెన్సియో.

మెక్సికోలో పువెబ్లా వైపు మనిషి. గడియారాలు బాగుచేస్తాడు. భార్య పోయి చాలా కాలమైంది. తెల్ల మీసం, నుదుటి మీద ఎప్పుడూ ఒంటికంటి భూతద్దం, నోట్లోంచి రోజుకి ఇరవై మాటలు. అతని కొట్లో నలభై గడియారాలుండేవి, నలభైకీ నలభై టైములు. కొట్టు తొమ్మిదింటికి తెరవబడునని బోర్డు మీద ఉండేది. పదిన్నరకి తెరిచేవాడు. ఎవరొచ్చి, "దోన్ ఫిదెన్సియో, నా వాచీ అయిందా?" అన్నా భూతద్దం కిందికి దించుకుని, "అవోరీతా" అనేవాడు. ఎదురుగా ఆడవాళ్ళ సెలూన్ నడుపుకుంటున్న మా నూరిస్ ఇచ్చిన గోడ గడియారానికి ఆ అవోరీతా తొమ్మిది నెలలు పట్టింది. "బిడ్డనైనా కనేసేదాన్ని" అంది నూరిస్ దాన్ని గోడకి తగిలిస్తూ.

దోన్యా వేవా అతనికి తన తల్లి బల్లగడియారం ఇచ్చి పదకొండేళ్ళయింది. మోకా నుంచి దుప్పట్లో చుట్టుకుని తెచ్చుకున్నది. ఒక రోజు ఆగిపోతే గోడ పక్కకి పట్టుకెళ్ళింది. అతను వెనక మూత తీసి చూశాడు, ఆవిడ మొహం చూశాడు, "అవోరీతా, దోన్యా వేవా" అన్నాడు. అప్పటినుంచీ రోజూ సాయంత్రం అయిదింటికి ఆవిడ కత్తెర పిడితో గోడ తట్టేది.

"దోన్ ఫిదెన్సియో! నా గడియారం?"

"అవోరీతా!"

ఆ పైన ఆవిడ కాఫీ కాచేది. అతను పక్క బేకరీ నుంచి తీపి రొట్టె తెచ్చేవాడు. ఇద్దరూ కుట్టుమిషను బల్ల దగ్గర కూర్చుని, చిక్కుడు గింజల్ని ఏ పేరుతో పిలవడం సరైనదో పోట్లాడుకునేవాళ్ళు. పదకొండేళ్ళలో ఆ పోట్లాట తెగలేదు, కాఫీ ఒక్కరోజూ మానలేదు.

ఇక్కడే దోన్యా వేవా లెక్క తప్పింది. మాటకి అర్థం మనిషి చేతల్లో తెలుస్తుందని ఆవిడ సిద్ధాంతం. పువెబ్లా మనిషి అవోరీతా అన్నాడు, గడియారం రాలేదు. కాబట్టి పువెబ్లాలోనూ అవోరీతా అంటే మనలాగే 'తర్వాత' అన్నమాట. తేడా లేని మాట పుస్తకంలోకెందుకని రాయలేదు.

ఆ ఏడు ఏప్రిల్లో దోన్ ఫిదెన్సియో కాఫీలో రొట్టె ముంచుకుంటూ, "చికాగోలో తమ్ముడు రమ్మంటున్నాడండీ" అన్నాడు. "ఒక్కడివీ అక్కడేం చేస్తావు, ఈ మే నెలాఖరుకి కొట్టు మూసేసి వచ్చెయ్యి అంటాడు."

దోన్యా వేవా కాఫీ కప్పు బల్ల మీద పెట్టేసింది. అతను వెళ్ళడం ఆవిడకి ఇష్టం లేదు. ఆ మాట చెప్పడం అంతకన్నా ఇష్టం లేదు.

"వెళ్ళండి మరి. అక్కడ చలెక్కువట. మీ గోధుమరంగు సూటుకోటు ఇలా పడెయ్యండి, లోపల దళసరి గుడ్డ వేసిస్తాను."

కోటు తెచ్చాడు. ఆవిడ లోపలి గుడ్డ వేసింది. కుట్టు వంకర పోయిందని విప్పింది. మళ్ళీ వేసి, మళ్ళీ విప్పింది. వారం రోజుల్లో అదే గుడ్డ మూడుసార్లు వేసి విప్పింది. కోటు చేతికిస్తేనే కదా ప్రయాణం! నూరిస్ ఇదంతా ఎదురుగా సెలూన్లోంచి చూస్తూనే ఉంది.

"ఏమే, ఇరవై దేశాల స్పానిష్ వచ్చు కదా నీకు," అంది వచ్చి. "'ఉండిపోండి' అనడానికి ఒక్క దేశంలోనూ మాట దొరకలేదా?"

"నాకేం పని? ఆయన ఇష్టం ఆయనది."

"అవును. కోటేం పాపం చేసింది మరి?"

ఆవిడ ఆ సాయంత్రమే గుడ్డ గట్టిగా కుట్టేసి, ఇస్త్రీ చేసి, కోటు పట్టుకెళ్ళి గోడ పక్కన ఇచ్చేసింది. పౌరుషం అలాంటిది. ఇచ్చి వచ్చాక లైటు వెయ్యకుండా చాలాసేపు మిషను ముందు కూర్చుంది.

మే నెల మూడో శనివారం. పొద్దున్నే నూరిస్ దోన్యా వేవా తల నిండా జుట్టు ఉంగరాలు తిప్పే రోలర్లు చుట్టి పెట్టింది. మా ఆడవాళ్ళకి శనివారం రోలర్లంటే సిగ్గేమీ కాదు, వాటితోనే బజారూ చేస్తాం, బ్యాంకుకీ వెళ్తాం. మధ్యాహ్నం రెండు కావస్తోంది. మన 'బస్సు' నార్సిసాకి పదిహేనో పుట్టినరోజు పండగ దగ్గర పడింది. గులాబీరంగు గౌను తొడుక్కుని ముక్కాలిపీట మీద నిలబడి ఉంది. దోన్యా వేవా నేల మీద కూర్చుని గౌను అంచుకి గుండుసూదులు పెడుతోంది. ఇంకో పదకొండు సూదులు పెదాల మధ్య ఉన్నాయి.

దోన్ ఫిదెన్సియో గుమ్మంలోకి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. భూతద్దం నుదుటి మీద లేదు. అది లేకుండా అతన్ని ఎవరూ చూడలేదేమో, నార్సిసా ముందు గుర్తుపట్టలేదు.

"దోన్యా వేవా, ఒక్క మాట."

"ఊఁ" అంది ఆవిడ, సూదుల మధ్య నుంచి.

"తమ్ముడు టిక్కెట్టు కొనేస్తానంటున్నాడు. నాకు వెళ్ళాలని లేదండీ. ఇక్కడే ఉండాలనుంది. ఉత్తినే ఉండటం కాదు. మీతో." అతని రోజువారీ ఇరవై మాటలూ అయిపోవచ్చాయి. టోపీ అంచు చుట్టూ ఒకసారి తిప్పాడు. "మనిద్దరం ఫాదర్ దగ్గర పెళ్ళికి పేర్లు రాయించుకుందాం. ఎప్పుడు వెళ్దాం, చెప్పండి."

దోన్యా వేవా చేతిలో సూది గౌను అంచులో సగం దిగి ఆగిపోయింది. కాదనాలని ఆవిడకి లేదు. ఔనంటే, పదిహేనేళ్ళుగా అందరితో అన్న మాట ఏం కావాలి? నోట్లో పదకొండు సూదులున్నాయి. పళ్ళు విప్పకుండా అనగలిగే మాట ఒక్కటే తట్టింది.

"అవోరీతా."

అంటే, చూద్దాం, తర్వాత, తొందరేముంది అని. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట పెదవి దాటి గుమ్మం దాకా వెళ్ళేసరికే ఇంకో దేశంలో పడింది.

"నిజంగానా?" అన్నాడు దోన్ ఫిదెన్సియో.

ఆవిడ తలూపింది. రోలర్లు ఊగాయి. అతను టోపీ పెట్టుకుని, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పీట మీద నుంచి నార్సిసా వంగి చూసింది. "దోన్యా వేవా, మీరు ఔనన్నారా?"

"కాదనలేదు."

"అంటే?"

"కదలకు. గుచ్చుకుంటుంది."

ఇంతలో గోడ పక్క నుంచి ఇనుప షట్టరు దబ్బున కిందికి దిగిన చప్పుడైంది. మధ్యాహ్నం రెండింటికి, శనివారం పూట! దోన్యా వేవా సూదులన్నీ అరచేతిలోకి ఉమ్మేసి గుమ్మంలోకి పరిగెత్తింది. దోన్ ఫిదెన్సియో వీధి మూల తిరిగిపోతున్నాడు. అంత వేగంగా అతను నడవడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. తర్వాత అన్నందుకు మనసు విరిగిపోయింది కాబోలు. టిక్కెట్టు కొనమని తమ్ముడికి ఫోను చెయ్యడానికి వెళ్తున్నాడు కాబోలు.

ఎదురు సెలూన్లోంచి నూరిస్ దువ్వెన పట్టుకునే వచ్చేసింది. "ఏమైందే? ఏమన్నాడు?"

చెప్పింది.

"నువ్వేమన్నావు?"

"అవోరీతా అన్నాను."

"తర్వాతా!" నూరిస్ దువ్వెనతో తన నుదురే కొట్టుకుంది. "పదకొండేళ్ళకి నోరు విప్పిన మనిషిని తర్వాత రమ్మన్నావా? ఇంకో పదకొండేళ్ళు పట్టదూ రెండోసారి విప్పడానికి? అప్పటికి నీ నోట్లో పళ్ళుండవు, ఇంక సూదులెక్కడ పెట్టుకుంటావు?"

  దోన్యా వేవా పీట దగ్గరికొచ్చి మళ్ళీ అంచు పట్టుకుంది కానీ, ఒకే చోట మూడు సూదులు గుచ్చింది. లిసాండ్రో వెళ్ళిన రోజు కూడా ఇంత గుబులు లేదు. అప్పుడు వెళ్తున్నవాడు వస్తానన్నాడు. ఇప్పుడు ఉంటానన్నవాణ్ణి తనే పంపేసింది.

నలభై నిమిషాలు అలా గడిచాయి. వీధి మూల నుంచి గిటారు మోత వినబడింది.

ముందు ఓతిలియా వచ్చింది. స్టేషను మెట్ల కింద ఆకుల్లో ఉడికించిన మొక్కజొన్న తమాలెలు అమ్మే ఆవిడ, దోన్ ఫిదెన్సియో ఊరిదే. పొయ్యి మీదున్న గుండిగ దించకుండా బండి బండినే తోసుకొచ్చేసింది. వెనక గిటార్లతో ముగ్గురు. వాళ్ళ వెనక పువెబ్లావాళ్ళు ఒక డజను మంది, మగవాళ్ళందరూ తలలు దువ్వుకుని ఉన్నారు. వాళ్ళ మధ్య పేర్లు రాసుకునే పెద్ద పుస్తకం చంకలో పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ ఫాదర్. ఆయన పక్కన దోన్ ఫిదెన్సియో. గోధుమరంగు సూటు, మే నెల ఎండలో లోపల దళసరి గుడ్డ, చేతిలో గుడ్డ చుట్టిన మూట. మంగలిషాపు ముందు డామినో ఆడుకుంటున్న మావాళ్ళు నలుగురూ బిళ్ళలు చేతిలో పట్టుకునే లేచి వచ్చారు.

దోన్యా వేవా గుమ్మంలో నిలబడింది. తలనిండా రోలర్లు, మెడలో కొలత టేపు.

"ఏమిటిదంతా?"

"మీరే అన్నారుగా," అన్నాడు దోన్ ఫిదెన్సియో ఆయాసపడుతూ. "అవోరీతా అని. చర్చి ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. మీకు కుట్టుపని ఉంది, రాలేరేమోనని ఫాదర్నే తీసుకొచ్చేశాను. కొంచెం ఆలస్యమైంది, బూట్లకి పాలిష్ చేసుకున్నాను."

"పదకొండేళ్ళు చూశామమ్మా!" అంది ఓతిలియా గుండిగ మూత తీస్తూ. "ఈయనగారు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, 'ఒప్పుకుంది, ఇప్పుడే అంది, ఈ క్షణమే అంది' అంటుంటే నా చేతులాడలేదంటే నమ్ము. మా పువెబ్లా ఆడవాళ్ళం కూడా కనీసం వారం రోజులైనా బెట్టు చేస్తాం. నీకు మాత్రం ధైర్యం ఎక్కువే!"

ఇప్పుడే. ఈ క్షణమే. దోన్యా వేవాకి చెవుల్లో ఆ రెండు మాటలూ ఒకదాని తర్వాత ఒకటి దిగాయి. మెక్సికోవాళ్ళకి అవోరీతా అంటే ఇప్పుడే! ఇరవై దేశాల స్పానిష్, నిండిన నోటుపుస్తకం, ఫాదర్నే దిద్దిన నోరు. అన్నీ కలిసి ఒక్క మాట దగ్గర బోర్లాపడ్డాయి.

నూరిస్‌కి కూడా అప్పుడే తట్టింది. ఫక్కున నవ్వు వచ్చేసింది. "అయ్యో దేవుడా, మీరు పొరబడ్డారు! మా దగ్గర అవోరీతా అంటే—"

నెత్తిమీద రైలొచ్చింది.

అందరూ ఆగారు. నూరిస్ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది. గిటార్ల తీగల మీద వేళ్ళు ఆగాయి. ఆ మోతలో దోన్యా వేవా ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. జీవితంలో ఏ పనికీ టైముకి రానివాడు. ఎవరి గడియారమూ చెప్పిన రోజుకి ఇవ్వనివాడు. తన ఒక్క మాటకి షట్టరు దించి, ఫాదర్ని పట్టుకుని, వీధంతా వెంటబెట్టుకుని నలభై నిమిషాల్లో వచ్చాడు. నూరిస్ వాక్యం పూర్తయితే ఈ మనిషి ఇంతమందిలో ఆ సూటుతో ఎలా నిలబడతాడు? తిన్నగా చికాగో రైలెక్కడూ?

రైలు ఇంకా పోతూనే ఉంది. అతను మాట వినబడదని తెలిసి, చేతిలో మూట విప్పాడు. దోన్యా వేవా వాళ్ళమ్మ బల్లగడియారం. ఇత్తడి మెరుస్తోంది. సన్నముల్లు తిరుగుతోంది. ఆవిడ దాన్ని చేతుల్లోకి తీసుకుంది. చప్పుడు వినబడలేదు కానీ, అరచేతుల్లో కొట్టుకోవడం తెలిసింది. రైలు వెళ్ళిపోయింది. అప్పుడు వినబడింది.

"ఎప్పుడు బాగుచేశారు?" అంది చిన్నగా.

"మీరిచ్చిన రోజే. అవోరీతా అన్నానుగా."

"మరి పదకొండేళ్ళు?"

దోన్ ఫిదెన్సియో బూట్ల వంక చూసుకున్నాడు. "ఇచ్చేస్తే సాయంత్రం మీరు గోడ తట్టరు కదండీ."

దోన్యా వేవాకి కళ్ళు నిండిపోయాయి. టేపు కొసతో తుడుచుకుంది. పక్కనుంచి నూరిస్, అలవాటు ప్రకారం, ఆపిన అక్షరం దగ్గరే ఎత్తుకుంది.

"—అంటే, మా దగ్గర అర్థం—"

"మా దగ్గరా అదే అర్థం," అంది దోన్యా వేవా. "ఇప్పుడే అని."

డామినో మనుషుల్లో ఒకాయనకి దగ్గొచ్చింది. రెండో ఆయన ఆకాశం వంక చూశాడు. నూరిస్ నోరు మూసుకుంది. అక్కడున్న ప్రతి డొమినికన్‌కీ అది పచ్చి అబద్ధమని తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు. పద్నాలుగేళ్ళుగా వీధిలో అందరి మాటా దిద్దిన మనిషి, ఆ రోజు ఒక్క తప్పుని ముద్దుగా అలాగే ఉండనిచ్చింది.

ఫాదర్ మాత్రం అనుమానంగా చూశాడు. ఆయన స్పెయిన్ మనిషి. ఈ దేశాల మాటలతో ఆయనకి ఒకసారి వాత పడే ఉంది. అందుకని, "రాయమంటారా?" అని మెల్లిగా అడిగాడు.

"ఈ తలతోనా? రోలర్లు తీసుకుని వస్తాను," అంది దోన్యా వేవా. గడియారం గుండెకి హత్తుకుని, బట్టలు మార్చుకునే తెర వెనక్కి వెళ్తూ అక్కడినుంచే కేక వేసింది. "అవోరీతా!"

పువెబ్లావాళ్ళు టోపీలు చేత్తో పట్టుకుని, గుమ్మం ముందు నిటారుగా నిలబడ్డారు. గిటారు మనిషి వేళ్ళు తీగల మీద పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మావాళ్ళకి మా సంగతి తెలుసు. కుర్చీలు లాక్కున్నారు. ఇద్దరు వెళ్ళి డామినో బల్ల మోసుకొచ్చి కొట్టు ముందే వేశారు. ఒకాయన చల్లటి బీర్లు తేవడానికి మూలకొట్టుకి బయల్దేరాడు. "గంటన్నర" అని పందెం వేశాడు దగ్గొచ్చిన ఆయన. "రెండు" అన్నాడు ఆకాశం చూసిన ఆయన. నూరిస్ కుర్చీ చివర కూర్చుంది. బిళ్ళలు కలిపారు. ఎవరి ఏడు బిళ్ళలు వాళ్ళు తీసుకుని నిలబెట్టుకున్నారు. ఆట మొదలుపెట్టే డబుల్ ఆరు ఉన్నాయన బిళ్ళ కొట్టడానికి చెయ్యెత్తాడు.

ఆ బిళ్ళ బల్ల మీద పడకముందే తెర కదిలింది.

సగం తల ఉంగరాల జుట్టు, సగం తల రోలర్లు. మెడలో టేపు అలాగే ఉంది. దోన్యా వేవా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఫాదర్," అంది, "పుస్తకం తెరవండి."